ఇంగువమ్మ గారికి నేను తిప్పి చెప్పని మాట

ఇంగ్రిడ్ గారు దివంగతులయ్యారన్న వార్త గత నెలలో ఒక ఆదివారం ఉదయం నాకు చేరింది. తెనాలిలో మా డాబా మీద కుండీలకు గొట్టంతో నీళ్లు పెడుతున్నాను. నార్వే నుంచి ఆమె మేనకోడలు నాలుగు వాక్యాల సందేశం పంపింది. అత్తయ్య నిద్రలోనే వెళ్లిపోయారనీ, బాధపడలేదనీ, ఆమె ఫోను నంబర్ల పుస్తకంలో మొదటి పేజీలోనే నా పేరు ఉంది కనుక తెలియజేస్తున్నాననీ రాసింది. ఆ మొదటి పేజీ అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. గొట్టం చేతిలోనే ఉంది. కుండీ నిండి నీళ్లు మెట్ల మీదుగా కిందికి పోతున్నాయి. "ఏంటండీ అక్కడ, వరండా అంతా మడుగైపోతోంది" అని మా ఆవిడ సుగుణ కింది నుంచి కేక వేసేదాకా నేను కదలలేదు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి కన్నుమూయడం లోకంలో వింత కాదు. నన్ను కదలనివ్వనిది దుఃఖం ఒక్కటే అయితే ఈ వ్యాసం రాయడం నాకింత కష్టమయ్యేది కాదు.

ఇంగ్రిడ్ అంటే రేపల్లె ప్రాంతంలో ఎవరికీ తెలియదు. ఇంగువమ్మ అంటే పాతవాళ్లకు ఇప్పటికీ తెలుస్తుంది. ముప్పై ఏళ్ల క్రితం ఒక తుపాను వెలిసిన తరువాత, ఒక విదేశీ సహాయ సంస్థ అధికారిణిగా ఆమె మన తీరానికి వచ్చారు. సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెల్లో, గాలివాన వచ్చినప్పుడు జనం తలదాచుకోవడానికి షెల్టర్లు కట్టించడం ఆమె పని. అంతకు ముందే రెండు దేశాల్లో అటువంటి పనే చేసి వచ్చారు. మొదటి వారంలో ఒక పెద్దాయన ఆమె పేరు అడిగాడు. ఎన్నిసార్లు పలికి చూపించినా అతనికి నోరు తిరగలేదు. "ఇంగువేనా అమ్మా" అన్నాడు చివరికి. ఇంగువంటే ఏమిటని ఆమె నన్ను అడిగారు. రేపల్లెకు తిరిగి వచ్చాక మేం భోంచేసే మెస్సులో వంటాయన దగ్గర డబ్బా తీసుకుని వాసన చూపించాను. ఆమె ముఖం ముడుచుకుపోయింది, ఆ వెంటనే పకపకా నవ్వారు. "చిటికెడు వేస్తే చాలు, ఎక్కువైతే ఎవరూ భరించలేరు. నాకు తగిన పేరే" అన్నారు. ఆనాటి నుంచి ఎవరడిగినా ఇంగువమ్మ అనే చెప్పుకునేవారు.

నేను అప్పటికి తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఇరవై ఏడేళ్ల సాంబశివరావుని. మాది అమృతలూరులో వ్యవసాయ కుటుంబం. కృష్ణా డెల్టాలో నా అంత ఇంగ్లీషు వచ్చినవాడు లేడని నాకొక గట్టి నమ్మకం ఉండేది. కాలేజీకి సెలవు పెట్టి ఆమెకు దుబాసీగా చేరాను. ఆమె నన్ను 'శివా గారూ' అని పిలిచేవారు. పల్లెల్లో జనం నన్ను 'తిప్పి చెప్పే బాబు' అనేవారు. ఒక భాషలోని మాటను ఇంకో భాషలోకి తిప్పి చెప్పేవాడని వాళ్ల ఉద్దేశం. ఆ మాటకు ఉన్న రెండో అర్థం అప్పట్లో నాకు తట్టనే లేదు.

ఆమెతో కలిసి పనిచేసిన మిత్రులు కొందరు ఇప్పుడు తెనాలిలో సంస్మరణ సభ పెడుతున్నారు. ఆ సందర్భంగా వేసే సంచికకు వ్యాసం నన్నే రాయమన్నారు. ఆమెను అతి సమీపం నుంచి చూసినవాణ్ణి నేనే అన్నారు. రాశాను. కరుణామయి, త్యాగశీలి, సేవాతపస్విని వంటి విశేషణాలతో నాలుగు పేజీలు నింపాను. చదువుకుంటే నాకే రోత పుట్టి చించేశాను. ఎందుకంటే రేపల్లెకు దక్షిణాన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో ఆమె పేరు మీద ఈనాటికీ ఒక మచ్చ ఉంది. 'మా వాళ్ల ఎముకలు తవ్వించిన దొరసాని' అని అక్కడ ఆమెకు పేరు. ఆ మచ్చ ఆమెది కాదు, నాది. అది చెప్పకుండా ఆమెను ఎంత పొగిడినా నేను మళ్లీ తిప్పి చెప్పినట్టే అవుతుంది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అక్కడివాళ్లకు తెలుసు, అది చాలు.

ముందుగా ఆమె పనితీరు చెప్పాలి. తెనాలి నుంచి బయలుదేరామంటే జంపని దాటేదాకా జీపులో ఆమె నోట మాట ఉండేది కాదు, కాగితాలు చదువుకునేవారు. తీరా పల్లె దగ్గరికి వచ్చాక అర మైలు ముందే జీపు ఆపించి నడిచేవారు. ఎండకు ముఖం కందిపోయి చింతపండుతో తోమిన రాగి చెంబులా అయ్యేది. ఎందుకీ అవస్థ అంటే, "బండి మోత వింటే మనుషులు తయారైపోతారు శివా గారూ. తయారు కాని మనుషులతో నాకు పని" అనేవారు. ఊళ్లో కుర్చీ తెస్తే వద్దనకుండా దాని మీద తన సంచి పెట్టి, తాను నేల మీద కూర్చునేవారు. చేతిలో పెన్సిలు, ఒక గళ్ల పుస్తకం. పెన్సిలు ఎందుకంటే చెరిపి రాసుకోవచ్చునట. పెట్టింది తినేవారు. రొయ్యల కూర కారానికి కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ మరి కాస్త వేయించుకునేవారు.

ఆమెకు కోపం కూడా బాగానే ఉండేది. సిమెంటు తడిపిన మేస్త్రీని నాలుగు ఊళ్లకు వినిపించేలా తిట్టారు. ఆ తిట్లు నేను కొంచెం మెత్తబరిచి చెబితే నా వైపు తిరిగి నన్నూ తిట్టారు. మరొకసారి ఒక పల్లెలో ఎవరో "ఈమె మొగం చూస్తే ఇల్లు కట్టే మొగంలా లేదే" అన్నారు. పదిమందీ నవ్వారు. వాళ్లు మీకు స్వాగతం చెబుతున్నారని నేను చెప్పాను. ఆమె నన్ను పక్కకు పిలిచారు. "స్వాగతం చెప్పడానికి ఎవరూ అలా నవ్వరు. ఏమన్నారో అదే చెప్పండి" అన్నారు. సిగ్గుపడుతూ చెప్పాను. ఆమె వెనక్కి వెళ్లి, కాయలు కాచిన అరచేతులు ఆ మనిషికి చూపించి, ముఖం వదిలేసి ఇవి చూడమన్నారు. తిరుగు ప్రయాణంలో నాతో అన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "మీరు నన్ను కాపాడకండి. నా చెవులు మీ దగ్గర ఉన్నాయి. వాటిని మాత్రం భద్రంగా చూసుకోండి."

ఇక ఆమెకొక నియమం ఉండేది. ఏ ముఖ్యమైన సంగతైనా మూడు రోజులు, మూడుసార్లు అడిగేవారు. అదే ప్రశ్న, అవే మనుషులు. మొదట్లో నాకు చాలా విసుగ్గా ఉండేది. ఒకసారి అడిగేశాను, ఇంత చాదస్తం ఎందుకని. "మొదటి రోజు జవాబు నా తెల్లతోలుకు. రెండో రోజు జవాబు ఊరి పెద్దలకు. మూడో రోజు వాళ్లు వాళ్లకోసం చెప్పుకుంటారు. నేను రాసుకునేది అదే" అన్నారు. పుస్తకంలో ప్రతి ఊరికీ మూడు గీతలు గీసి ఉంచేవారు. ఒక్కో రోజు అడిగాక ఒక్కో గీత మీద జవాబు రాసేవారు. ఆ నియమం వల్ల రెండు ఊళ్లలో తప్పు చోట పునాది పడకుండా ఆగింది. ఆ రెండు చోట్లా పక్కన కూర్చుని చూసినవాణ్ణి నేనే.

ఆ పల్లెకు వెళ్లిన రోజు శుక్రవారం. అదే సాయంత్రం నాలుగింటికి బాపట్లలో నాకు పెళ్లిచూపులు. రేపల్లెలో ఒంటిగంట బస్సు ఎక్కితేనే అందుకోగలను. మా నాన్న అప్పటికే అమృతలూరు నుంచి బయలుదేరి ఉంటాడు. పల్లె పక్కన ఇసుక దిబ్బ ఒకటి ఉంది, చుట్టుపక్కల అంత ఎత్తైన చోటు లేదు. పైన ముళ్ల పొదలు తప్ప ఏమీ లేవు. షెల్టరుకు అంతకన్నా అనువైన స్థలం దొరకదని ఆమె అనుకున్నారు. నేనూ అనుకున్నాను. తాటాకు పందిరి కింద జనం కూర్చున్నారు. దిబ్బ మీద కడితే మీకు సమ్మతమేనా అని ఆమె అడిగారు. ఎండు చేపలు అమ్ముకునే మస్తానమ్మ అనే యాభై ఏళ్ల మనిషి లేచింది. "అక్కడ మావోళ్లున్నారు బాబూ" అంది.

వాళ్ల బంధువులు అటువైపు ఉన్నారట, అనుకూలమేనని నేను చెప్పాను. ఇక్కడిదాకా నాది తెలియనితనమని వాదించుకోవచ్చు. మా అమృతలూరులో పోయినవాళ్లను కాలువ గట్టున దహనం చేస్తాం. పోయినవాళ్లు ఒకచోట 'ఉన్నారు' అనడం నేనెన్నడూ వినలేదు. కానీ ఎవరున్నారమ్మా అని ఒక్క మాట అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదు, తెలుగు చాలు. నేను అడగలేదు. ఇంగువమ్మ గారే ఆగి ఇంకో ప్రశ్న వేశారు. ఇంత ఎత్తు చోటుంటే ఇన్నాళ్లూ అక్కడ ఎవరూ గుడిసె ఎందుకు వేసుకోలేదని. ఆ ప్రశ్నను నేను జనానికి చేరనివ్వనేలేదు. ప్రభుత్వ భూమి కదా మేడమ్, భయపడతారని నేనే జవాబిచ్చేశాను. అప్పటికి పదకొండున్నర దాటింది.

మస్తానమ్మ నా నోటి వంక చూసింది, ఇంగువమ్మ గారి నోటి వంక చూసింది. తాను చెప్పింది చేరలేదని ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. చెంగు విదిలించి భుజాన వేసుకుంటూ, మొహం పక్కకు తిప్పి, "చెప్పాం గదండీ. ఇక మీ ఇష్టమండి" అంది. వెనక కూర్చున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచారు.

మీ ఇష్టమండి. చదివే మీకు వివరించనవసరం లేదు. కాఫీయా టీయా అని అడిగినప్పుడు చెప్పే 'మీ ఇష్టమండి' వేరు. మాట చెల్లక, అవతలివాడి మీద ఆశ వదులుకుని, మొహం తిప్పుకుని చెప్పే 'ఇక మీ ఇష్టమండి' వేరు. ఈ రెండోది మన నోట వచ్చే అన్ని 'వద్దు'లకన్నా గట్టి వద్దు. అక్షరాలు అవే, స్వరం వేరు. తెలుగు గడ్డ మీద పుట్టిన ఏ పసివాడికైనా ఆ తేడా తెలుస్తుంది. నాకూ తెలిసింది. ఆ క్షణంలోనే, స్పష్టంగా తెలిసింది. తెలిసే, మీరెలా అంటే అలాగే చేయమంటున్నారు, మీకే వదిలేశారు మేడమ్ అని చెప్పాను.

ఇంగువమ్మ గారు మొదటి గీత మీద ఆ జవాబు రాసుకున్నారు. "సరే, రేపూ ఎల్లుండీ మళ్లీ వద్దాం" అన్నారు. అమ్మాయి వాళ్లు ఆ రెండు రోజులూ బాపట్లలో ఉండి వెళ్లమంటారని నా ఆశ. అందుకని ఆమెకు ఒక ఆచారం కల్పించి చెప్పాను. మా వైపు ఒకసారి సరే అన్నాక మళ్లీ అడిగితే అనుమానించినట్టు లెక్క, పెద్దవాళ్లు నొచ్చుకుంటారు అన్నాను. అటువంటి ఆచారం ఏదీ మన దేశంలో లేదు. ఆమె నా కళ్లలోకి చూసి "నిజమేనా" అన్నారు. "నిజమేనండి" అన్నాను. ఆమె పెన్సిలు తీసి మిగిలిన రెండు గీతలూ కొట్టేశారు. నేను ఒంటిగంట బస్సు అందుకున్నాను. పిట్టలవానిపాలెం దగ్గర కొత్తగా నాటిన చేల మీదుగా చల్లగా గాలి వస్తుంటే, జుట్టు చెదిరిపోతుందని కిటికీ మూసుకున్నాను. సుగుణను చూశాను, నచ్చింది. అమ్మాయి వాళ్లు నన్ను ఉండమనలేదు కూడా, రాత్రి బండికే తెనాలి వచ్చేశాను.

పది రోజులకు పునాదులు మొదలయ్యాయి. ఆ ఊరివాళ్లు ఒక్కరూ పనికి రాలేదు, కూలీలను వేరే ఊళ్ల నుంచి తేవలసి వచ్చింది. ఎందుకు రావడం లేదని ఆమె అడిగితే వేటకు వెళ్లి ఉంటారన్నాను. మూడో రోజు ఒక కూలీ పారకు చిన్నపిల్ల కాలి కడియం తగిలింది. దాని వెంట ఎముక వచ్చింది. కాసేపటికి ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి గుంటలోకి దిగి కూర్చున్నారు. అప్పుడు తెలిసింది. అంతకు చాలా ఏళ్ల ముందు ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం తిరిగి ఇచ్చిన శరీరాలన్నింటినీ, పొడి నేల మరెక్కడా లేక, ఆ దిబ్బ మీదే పక్కపక్కన పూడ్చారు. గుర్తుగా ఒక రాయి పాతడానికి కూడా అప్పుడు ఎవరికీ ఓపిక లేకపోయింది. మస్తానమ్మ కూతుళ్లిద్దరు అక్కడే ఉన్నారు.

ఇంగువమ్మ గారు నన్ను అడిగారు, "వాళ్లు మనకెందుకు చెప్పలేదు?" తెలియదు మేడమ్ అన్నాను. ఆమె చెప్పులు విడిచి గుంటలోకి దిగి, ఆ ఆడవాళ్ల మధ్య కూర్చున్నారు. మస్తానమ్మ దోసెడు మట్టి తీసి ఆమె ఒళ్లో పోసింది. "తీస్కెళ్లమ్మా. తీస్కెళ్లి మీ ఊళ్లో కట్టుకో" అంది. ఏమంటోందని ఆమె తలెత్తి నా వైపు చూశారు. ఏడుస్తోంది మేడమ్, మాట అర్థం కావడం లేదన్నాను. మధ్యాహ్నమంతా ఆమె ఆ ఎండలో, ఒళ్లో మట్టితో అలాగే కూర్చున్నారు. సాయంత్రం వాళ్లు లేచి వెళ్లాక ఆ మట్టిని చేతులతో మెల్లగా తీసి యథాస్థానంలో పోశారు. గుంట పూడ్పించి కూలీలను పంపేశారు. నేను గట్టు మీదే నిలబడి ఉన్నాను.

మూడు నెలలకు ఆమె కార్యాలయం నుంచి ఇద్దరు పెద్ద అధికారులు విచారణకు వచ్చారు. బాపట్లలో ఒక అతిథి గృహంలో కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు. అప్పటికి నాకు పెళ్లయి పదహారు రోజులు. వరండాలో బల్ల మీద కూర్చుని, ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటున్నాను. నిజం చెప్పే వాక్యం అందులో ఒక్కటి కూడా లేదు. అరగంటకు ఆమె బయటికి వచ్చారు. "మిమ్మల్ని ఏమీ అడగరు. ఇంటికి వెళ్లండి శివా గారూ, కొత్తగా పెళ్లయిన మనిషి" అన్నారు. ఏం చెప్పారు మేడమ్ అని అడిగాను. "జరిగిందే చెప్పాను. నేను ఒక్కసారే అడిగాను. అది నా తప్పు" అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బస్టాండు దగ్గర చెరుకురసం తాగాను. అందులో నిమ్మకాయ ఎక్కువ పిండాడు. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

తరువాత రెండు నెలలు ఆమె మన ప్రాంతంలోనే ఉన్నారు కానీ దుబాసీని పెట్టుకోలేదు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. మెస్సు వంటాయన దగ్గర తెలుగు నేర్చుకుంటున్నారని విన్నాను. పిమ్మట ఆమెను కట్టడాల పని నుంచి తప్పించి వేరే దేశపు రాజధానిలో బల్ల ముందు కూర్చోబెట్టారు. ఇతరుల ప్రయాణాలకు కాగితాలు రాసే ఉద్యోగం. నేల మీద తప్ప కూర్చోలేని మనిషి ఏడేళ్లు అలా గడిపారు. ఆఖరి దశలో మళ్లీ ఆఫ్రికా పల్లెలకు వెళ్లే అవకాశం వచ్చింది, మంచినీటి బావులు తవ్వించారు. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేటప్పుడు మొదటి రోజే మన పల్లె సంగతి చెప్పేవారని మేనకోడలు తరువాత ఇంకో సందేశంలో రాసింది. 'నేను ఒక్కసారే అడిగాను' అనే మొదలుపెట్టేవారట. దుబాసీ ప్రసక్తి ఆ కథలో ఎక్కడా రాదట. ఇక్కడ షెల్టరును తరువాత వచ్చినవాళ్లు ఊరికి ఇవతల, మెరక చేసి కట్టారు. గోడ మీద చాలా పేర్లున్నాయి, ఆమె పేరు లేదు.

ఏటా ఒకసారి, మన ఉగాదికి, ఆమె నాకు ఫోను చేసేవారు. మొదట ఇంగ్లీషు, తరువాత సగం తెలుగు, చివరికి తప్పులతో నిండు తెలుగు. సుగుణను అడిగేవారు, మా పిల్లలను అడిగేవారు, వరి ఎలా ఉందని అడిగేవారు. పోయిన ఉగాది నాటి మధ్యాహ్నం మాటల మధ్యలో ఆగి అన్నారు, "శివా గారూ, దిబ్బ దగ్గర ఆ రోజు. మస్తానమ్మ ఏమి అన్నది? నాకు చెప్పండి. కోపం లేదు. వినాలి, అంతే." గొంతు బాగా నీరసించి ఉంది. నా వయసు యాభై ఏడు, ఉద్యోగం మానేసి ఏడాది. భయపడడానికి నాకు ఏ కారణమూ మిగల్లేదు. అయినా, "చాలా కాలమైంది మేడమ్, గుర్తులేదండి" అన్నాను.

అప్పుడు ఆమె అన్నారు, "ఇక మీ ఇష్టమండి."

అదే స్వరం. మొహం పక్కకు తిప్పుకుని అన్నట్టే ఉంది. ఆ మాటకు అర్థం ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో, ఏ వంటాయన చెప్పాడో, ఎన్నేళ్లుగా నా నోటి నుంచి వినాలని ఫోను చేస్తూ వచ్చారో నాకు తెలియదు. ఫోను పెట్టేశాక మళ్లీ చేయాలని ఎన్నిసార్లు అనుకున్నానో. రేపు, వచ్చే వారం, ఈ ఎండలు తగ్గాక అనుకుంటూ ఉండగానే ఆ ఆదివారం వచ్చింది.

నీళ్లు మడుగు కట్టిన ఆ ఉదయమే సుగుణకు సంగతంతా చెప్పాను. పెళ్లయిన ముప్పై ఏళ్లలో మొదటిసారి. ఆమె తడి వరండా తుడుస్తూ విని, గుడ్డ పిండుతూ అంది, "ఆ రోజు మీరు రాకపోతే మా నాన్న ఇంకో రోజు పెట్టుకునేవాడు గదండీ. దానికేం పోయేది?" ఏమీ పోయేది కాదు.

వ్యాసం మొదటి నుంచి రాసి, దాన్ని పట్టుకుని పల్లెకు వెళ్లాను. జీపు లేదు కాబట్టి బస్సు దిగి అర మైలు నడిచాను. మస్తానమ్మ పోయి పన్నెండేళ్లయింది. మిగిలిన ఒక్క కూతురు ఆదిలక్ష్మికి ఇప్పుడు నలభై దాటాయి, ఇంటి ముందు వలలు బాగుచేస్తోంది. నేల మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఆమె వల మీద నుంచి తల ఎత్తలేదు. "మా అమ్మ చచ్చిపోయిందాకా ఆవిణ్ణి తిట్టిందండి" అంది. "తిట్టినామెకీ చెప్పలేం, తిట్టించుకున్నామెకీ చెప్పలేం. ఇప్పుడొచ్చి నాకు చదివితే నేనేం చెయ్యనండి?" నేను తల వంచుకుని, షెల్టరు గోడ మీద ఇంగువమ్మ గారి పేరు రాయించడానికి ఊరు ఒప్పుకుంటుందా అని అడిగాను. "మీ ఇష్టమండి" అంది. ఏ మీ ఇష్టమో నాకు తెలుసు. వచ్చేశాను.

మర్నాడు మళ్లీ వెళ్లాను. అదే ప్రశ్న అడిగాను. ఆదిలక్ష్మి టీ ఇచ్చింది. "ఆవిడకి పిల్లలున్నారాండి?" అని అడిగింది. లేరన్నాను. గుంటలో కూర్చున్నప్పుడు తాను అక్కడే అమ్మ వెనకే ఉన్నాననీ, ఆ తెల్లావిడ మెడ వెనక చర్మం ఎండకు పొక్కులు లేవడం చూశాననీ చెప్పింది. ఊరు వదిలి వెళ్లే ముందు ఆవిడ ఒంటరిగా ఒకసారి తమ గుమ్మం దాకా వచ్చి నిలబడిందట. అమ్మ తలుపు తియ్యలేదట. ఏదో అంది గానీ ఆ తెలుగు మాకు తెలియలేదండీ అంది.

మూడో రోజూ వెళ్లాను. నన్ను చూడగానే ఆమె వల పక్కన పెట్టి లేచింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను కూడా పిలిచి ఉంచింది. అడిగాను. "రాయించండి మాస్టారూ" అంది. "ఇంగువమ్మ అనే రాయించండి. ఆ ఇంకో పేరు ఇక్కడెవరికి తెలుసు? కింద మీ పేరు కూడా రాయించండి. ఆవిడ చెవిలో మా మాట పడకుండా చేసిందెవరో మా పిల్లలకి తెలియాలి గదా." సరేనన్నాను. పక్కనున్నావిడ "ఆయన పేరెందుకే, పెద్దాయన" అని గొణిగింది. ఆదిలక్ష్మి నా వైపే చూస్తోంది. సరేనమ్మా అని మళ్లీ చెప్పాను.

రేపల్లె నుంచి బోర్డులు రాసే పెయింటరును తీసుకువెళ్లి నిన్న ఆ పని పూర్తి చేయించాను. నా పేరు ముందు ఏం పెట్టమంటారని అతను అడిగాడు. 'తిప్పి చెప్పినవాడు' అని రాయమన్నాను. ఆ మాటకు ఉన్న రెండు అర్థాలూ ఆ గోడ మీద ఉన్నాయి.

ఆమె వంటి మనిషి ఈ తీరానికి మళ్లీ రారు. మూడుసార్లు అడిగే ఓపిక ఉన్నవాళ్లు ఎక్కడా ఎక్కువమంది ఉండరు. ఉన్న ఒక్కరి చెవులూ నా చేతికి అప్పగిస్తే నేను చేసింది ఇది. ఇంగువమ్మ గారూ, మీరు కొట్టేసిన ఆ రెండు గీతల మీదా ఈ వారం జవాబులు రాయించాను. మస్తానమ్మ ఆ రోజు అన్నది, అక్కడ మావోళ్లున్నారు అని. అంటే తవ్వవద్దని. ఇంత చిన్న మాట. చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. నన్ను క్షమించమని మూడు రోజులు వచ్చి అడుగుదామంటే మీరు లేరు. అందుకని ఒక్కసారే అడుగుతున్నాను. ఇక మీ ఇష్టమండి.